వరిచేల మధ్య సైకిల్ మీద ఒక రోజు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, బరంపురం వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే సంగతి మీద ఉన్నాయి. పొద్దున బయలుదేరి, వరిపొలాల వెంట సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, చీకటి పడేలోగా ఇంటికి చేరాలి. చాలామంది ముందుగా అడిగింది ఏ సైకిల్ మంచిదని. దానికంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది: ఆ వారం చేలో వరి ఏ దశలో ఉంది? వెళ్ళే రోజు, దారి, టైర్లలో గాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ దిగి నడవాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాం.

దసరా సెలవుల్లో పర్లాకిమిడి నుంచి కాశీనగరం దాకా వెళ్ళొద్దామనుకుంటున్నాం. అప్పుడు అంతా పచ్చగా ఉంటుంది కదా, మంచి కాలమేనా?
*ఒక కళాశాల విద్యార్థి, పర్లాకిమిడి*

పచ్చగానే ఉంటుంది. కానీ ఏడాది మొత్తంలో నమ్మడానికి వీల్లేని నెల అదే. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ అదే తేదీన విశాఖ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ తెచ్చిన వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి. అక్టోబరులోనే వెళ్ళి తీరాలనుకుంటే వాతావరణ శాఖ బులెటిన్ ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే వారం వాయిదా వేయండి. ఇంకో సంగతి. మహేంద్రగిరి 1,501 మీటర్ల కొండ. అక్కడ కురిసిన వాన మహేంద్రతనయ నదిలోకి కొన్ని గంటల్లోనే దిగుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే ముందున్న గెడ్డ (వాగు) పొంగవచ్చు. రోడ్డు మీదుగా నీళ్ళు పారుతూ, కింద తారు కనబడకపోతే అక్కడితో ఆగిపోవాలి. సైకిల్ నడిపించుకుంటూ దాటుదామని దిగవద్దు. చక్రాలకు తగిలే ప్రవాహం మనిషిని కూడా లాగేస్తుంది.

మిగతా కాలాల సంగతి. జూన్‌లో నారుమళ్ళు పోస్తారు. జూలై, ఆగస్టు ఉభాల కాలం, అంటే నాట్లు వేసే రోజులు. పర్లాకిమిడి, గుణుపురం నడుమ లోయ అంతా నీళ్ళే, చూడటానికి అంతకంటే అందమైన రోజులు లేవు. కానీ దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప కేజీవీల్స్ (బురద చేలో దున్నడానికి తగిలించే పళ్ళ చక్రాలు) విప్పకుండానే ఒక చేను నుంచి ఇంకో చేనికి రోడ్డు మీద నడుస్తాయి. తారు చెక్కుకుపోయి అంచులు పదునైన గుంతలు పడతాయి. వాటిలో నీళ్ళు నిలిస్తే లోతు తెలియదు. ఆ నెలల్లో వెళ్తే సన్నటి టైర్ల సైకిల్ వద్దు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా నాట్లు, కలుపులు అయిపోయి చేలు గట్టి పచ్చదనంతో ఉంటాయి, రోడ్ల మీద ట్రాక్టర్లు తగ్గుతాయి. పచ్చదనం కోసమే అయితే ఆ నెల పట్టుకోండి. మధ్యాహ్నం దాటాక వాన పడుతుందనుకునే బయలుదేరండి.

హాయిగా తొక్కడానికి మాత్రం నవంబరు మూడోవారం నుంచి జనవరి మధ్య దాకా మించిన కాలం లేదు. కోతలు, కుప్పలు, నూర్పులు అన్నీ రోడ్డు పక్కనే కనబడతాయి, ఎండ కాల్చదు. మార్చి తర్వాత ఈ లోయలో పగటి సైకిల్ మేము చెప్పం.

నలుగురం స్నేహితులం. ఒకరు పది కిలోమీటర్లు మించి ఎప్పుడూ తొక్కలేదు. ఎంత దూరం పెట్టుకోవచ్చు? కొండలు ఎక్కాల్సి వస్తుందా?
*ఒక ఉపాధ్యాయిని, కాశీనగరం*

ఈ లోయలో చదునైన దారి తెలుసుకోవడానికి రైలు పట్టాలను చూడండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931 నాటికి అది గుణుపురం చేరింది. ఇప్పుడున్న బ్రాడ్‌గేజ్ కూడా చాలావరకు ఆ దారినే సాగుతుంది. రైలు నిట్టనిలువు కొండలు ఎక్కలేదు కాబట్టి పట్టాలకు దగ్గరగా సాగే రోడ్డులో చిన్న చిన్న మిట్టలే తగులుతాయి. పర్లాకిమిడి నుంచి ఆర్. ఉదయగిరి వైపు తిరిగారా, ఘాట్ రోడ్డే. మొదటిసారి వెళ్ళేవారికి అది వద్దు.

పర్లాకిమిడి, కాశీనగరం మధ్య దూరం పాతిక ముప్పై కిలోమీటర్ల లోపే. రానుపోను యాభై అరవై అనుకోండి. పల్లె రోడ్డు మీద గుంపుగా వెళ్తే గంటకు 12 కిలోమీటర్లకు మించి సాగదు. అంటే తొక్కడానికే ఐదు గంటలు, ఆగడాలకు మూడు గంటలు. నవంబరు చివర ఇక్కడ సాయంత్రం ఐదుంబావుకే పొద్దు కుంకుతుంది. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే నాలుగింటికల్లా ఇల్లు చేరాలన్నది లెక్క. తొక్కడం, ఆగడాలు కలిపి రెండున్నరకు అయిపోతాయి కాబట్టి పంక్చర్లకు, గాలికి మిగిలేది గంటన్నర. పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నా సరే, కాశీనగరం నుంచి బయలుదేరినవారైతే పర్లాకిమిడి కనుచూపు మేరలో ఉన్నా సరే, వెనక్కి తిరగండి.

అలవాటు లేని ఆవిడ ముందు రెండు ఆదివారాలు 15, ఆపైన 25 కిలోమీటర్లు తొక్కితే చాలు. కాళ్ళ నొప్పి కంటే కూర్చునే చోట నొప్పే ఎక్కువ బాధిస్తుంది, అది అలవాటు మీదే పోతుంది. ప్రయాణం రోజున ఆవిడను ముందు నడవనిచ్చి, బాగా తొక్కేవారు వెనక ఉండాలి. అందరూ ఆవిడ వేగంతోనే వెళ్ళాలి. సీటు ఎత్తు సరిచూడండి: సీటు మీద కూర్చుని మడమను కింద ఉన్న పెడల్ మీద పెడితే కాలు తిన్నగా సాగాలి. అంతకంటే సీటు దిగువగా ఉంటే పదిహేనో కిలోమీటరుకల్లా మోకాళ్ళు పట్టేస్తాయి.

ఇంట్లో నాన్నగారి పాత 28 అంగుళాల సైకిల్ ఉంది. గేర్ల సైకిల్ కొనే స్తోమత లేదు. దానితో వెళ్ళవచ్చా?
*ఒక పాఠకుడు, గుణుపురం*

నిక్షేపంగా వెళ్ళవచ్చు. ఆ సైకిల్ ఇలాంటి రోడ్లకోసమే పుట్టింది, ఏ ఊళ్ళో ఆగిపోయినా బాగుచేసేవాళ్ళు దొరుకుతారు. గేర్ల సైకిల్‌లో చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే డిరైలర్ వంగితే పర్లాకిమిడి దాకా నడిపించుకోవాల్సిందే.

ఒక వారం ముందు ఇవి చూడండి. పెడల్ కాడను పట్టుకుని అటూ ఇటూ ఊపండి, టక్ టక్ మంటే ఆ కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగింది. దాన్ని సుత్తితో కొట్టి సరిపెట్టుకోవద్దు, కొత్తది వేయించి నట్టు బిగించండి. దారిలో ఊడితే కాడ వదులై తిరుగుతుంది, ఇక తొక్కలేరు. వాల్వులో ఉండే సన్నటి రబ్బరు వాల్‌ట్యూబు ఎండి పగిలితే రాత్రికి రాత్రే గాలి దిగిపోతుంది. చాలామంది దాన్ని పంక్చర్ అనుకుని ట్యూబంతా విప్పుతారు. అందుకే ముందుగా వాల్వు మీద ఉమ్మి రాసి చూడాలి, బుడగ వస్తే తప్పు అక్కడే. రెండు వాల్‌ట్యూబులు జేబులో వేసుకోండి. బ్రేకు రబ్బర్లు రిమ్ముకు పూర్తిగా తగులుతున్నాయో లేదో, పుల్లల్లో వదులైనవి ఏమైనా ఉన్నాయో చూడండి. వెనక చక్రంలో ఒక పుల్ల విరిగితే పక్కవాటి మీద బరువు పడి అవీ విరుగుతాయి.

వానల్లో అయితే మడ్గార్డుకూ టైరుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. లేకపోతే బంకమట్టి అక్కడ చేరి చక్రం బిగుసుకుంటుంది. ఒక చిన్న కర్రపుల్ల కారియర్‌కు కట్టుకోండి, తీసెయ్యడానికి. తిరిగొచ్చాక చైన్ మీద బురద కడిగి, బాగా ఆరనిచ్చి, ప్రతి లింకు మీద ఒక్కొక్క చుక్క నూనె వేసి, పావుగంట తర్వాత పైన ఉన్నదంతా గుడ్డతో తుడవండి. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టి చైన్‌ను అరగదీస్తుంది. కొబ్బరినూనె వేయకండి, అది గట్టిపడుతుంది. కుట్టుమిషను నూనె నయం.

గాలి ఎంత పెట్టాలి? పోయినసారి ఒక్క పూటలో మూడు పంక్చర్లు పడ్డాయి.
*ఒక బ్యాంకు ఉద్యోగి, రాయగడ*

మూడూ ఒకే చోట పడ్డాయా, వేరువేరు చోట్లా అన్నది మీరు రాయలేదు. అసలు ఆనవాలు అదే. ట్యూబు మీద పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కాదు, గాలి తక్కువై గుంత అంచుకు కొట్టుకున్నప్పుడు రిమ్ము నొక్కేసింది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ పడితే మొదటి ముల్లు టైరులోనే ఉంది. ట్యూబు లోపలివైపు, రిమ్ము తగిలే చోట పడితే పుల్లల కొసలను కప్పే రిమ్ముపట్టీ జరిగింది.

హైబ్రిడ్ సైకిల్ 700×35 లేదా 38 టైర్లకు, డెబ్బై కిలోల మనిషికి వెనక 55, ముందు 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తారు మీద బాగుంటుంది. 26 అంగుళాల లావు టైర్లకు 40 నుంచి 45. మట్టిదారి ఎక్కువుంటే ఐదారు పాయింట్లు తగ్గించండి. ఏదైనా టైరు పక్కన అచ్చేసిన హద్దు దాటవద్దు.

ఈ వైపు ముళ్ళలో రెండే ముఖ్యం. కాలువ గట్ల మీద తుమ్మ ముళ్ళు, కోతలయ్యాక ఎండిన మెట్ట నేలల్లో పల్లేరుకాయలు. పల్లేరు గుచ్చుకుంటే ఒకటితో ఆగదు. ఆగి రెండు టైర్లూ మెల్లగా తిప్పి చూడండి. టైరులో దిగిన ముల్లు కనబడితే, పంపు, ప్యాచ్ బయటికి తీసేదాకా దాన్ని లాగవద్దు. అప్పటిదాకా చిల్లును కాస్త మూసి ఉంచేది అదే.

ప్యాచ్ వేసే క్రమం: టైరును ఒక పక్కనే లివర్లతో విప్పి ట్యూబు లాగాలి. గాలి కొట్టి, నీళ్ళలో ముంచి చిల్లు కనుక్కోవాలి. నీళ్ళకు పొలంలో దిగకండి, సీసా నీళ్ళతో తడిపితే చాలు. ట్యూబు పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. చిల్లు చుట్టూ ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర గరుకు కాగితంతో నిగనిగ పోయేదాకా రుద్దాలి. సొల్యూషన్ పల్చగా పూసి నాలుగైదు నిమిషాలు ఆగాలి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే ప్యాచ్ వేసి మధ్య నుంచి అంచులకు నొక్కాలి. చాలా ప్యాచ్‌లు ఊడిపోయేది ఆ నాలుగు నిమిషాలు ఆగకనే. ఆరేలోగా టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, మిగిలిన ముల్లు గుడ్డకు తగులుకుంటుంది. ఒట్టి వేళ్ళతో వెతకొద్దు. తిరిగి ఎక్కించేటప్పుడు ఆఖరి భాగం చేతులతోనే తోయాలి, లివర్ పెడితే కొత్త చిల్లు పడుతుంది. ఇద్దరికి ఒక అదనపు ట్యూబు ఉంటే ఈ పనంతా ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

పొలం గట్టు మీద తొక్కుతుంటే ఒక రైతు గట్టిగా కోప్పడ్డారు. దారి లేకుండా చేసే హక్కు వాళ్ళకుందా?
*ఒక యువకుడు, బరంపురం*

ఉంది. గట్టు దారి కాదు, చేలో నీళ్ళను నిలబెట్టే గోడ. ఉభాల ముందు రైతు గట్టు పక్కలు చెక్కి, బురద మెత్తి, నున్నగా అలుకుతారు, ఎండ్రకాయల బొరియల నుంచి నీరు జారకుండా. ఆ తడి గట్టు మీద సైకిల్ పోతే టైరు పడ్డ గాడి వెంట నీరు దారి చేసుకుంటుంది. రాత్రికి ఆ గాడి గండి అవుతుంది. అంతకుముందు రోజు యూరియా చల్లి ఉంటే అదీ నీళ్ళతో పాటు కింద చేనికి పోతుంది. కొందరు గట్ల మీద కంది వేస్తారు, అది వాళ్ళ ఏడాది పప్పు. ఆయన కోప్పడ్డది ఇందుకే, కోప్పడవలసిందే.

బండ్లు తిరిగి రెండు గాళ్ళు పడిన బాట, కాలువ పక్కన వెడల్పైన గట్టు, ఊరి నుంచి కల్లానికి పోయే బాట, వీటి మీద సైకిల్ ఎక్కవచ్చు. కాలిబాట మాత్రమే ఉన్న గట్టు మీద దిగి నడవాలి, సైకిల్ ఒడ్డునే వదిలి. కొత్తగా మట్టి మెత్తిన గట్టు మీద నడక కూడా వద్దు. మడిలో నీళ్ళు పారుతున్న మదుం (తూము) పలకను, అడ్డుగా పెట్టిన గడ్డిని, రాళ్ళను కదపకండి. ఏ చేనికి ఎంతసేపు నీళ్ళన్నది రైతులు మాట్లాడుకుని పెట్టుకున్న వంతు అది.

కోతలయ్యాక మొండి కొయ్యలు మాత్రమే కనబడే చేను చూసి ఖాళీగా ఉందనుకుంటారు. చాలాచోట్ల కోతకు రెండు మూడు రోజుల ముందే, తడి ఆరకముందే, నిలబడ్డ వరిలో మినుము, పెసర చల్లి ఉంటారు. వంగి చూస్తే కొయ్యల మధ్య రెండాకుల మొక్కలుంటాయి. డిసెంబరులో అడ్డదారి అని చేనుకు అడ్డంపడితే ఆ మొక్కల మీదే తొక్కుతారు. పురుగుమందు కొడుతున్న చేనుంటే గాలి వచ్చే వైపుకు, అంటే మందు మీకు తగలని వైపుకు, తప్పుకోండి. ఫోటో కోసం ఆగకండి.

రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తే సైకిల్ ఎలా పోనివ్వాలి?
*ఒక గృహిణి, పర్లాకిమిడి*

దిగి, నడిపించుకుంటూ పోవాలి. కొత్త వడ్ల మీద టైరు గోలీల మీద పడ్డట్టే జారుతుంది, ముఖ్యంగా తిప్పేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు. ధాన్యం అంచున పెట్టే రాళ్ళు, కర్రలు సాయంత్రం వెలుగులో కనబడవు. ధాన్యం ఎత్తాక రాళ్ళు అక్కడే మిగిలిపోతాయి కూడా.

రైతు రోడ్డు మీదికి రావడానికి కారణముంది. కోసిన వడ్లలో తేమ ఇరవై శాతం పైనే ఉంటుంది. ప్రభుత్వం మద్దతు ధరకు కొనేది 17 శాతానికి మించని ధాన్యాన్నే. నున్నటి తారు మీద ఎండ ఇటు కింద నుంచీ అటు పై నుంచీ ఆరబెడుతుంది. ఆ వారాల్లో మంచి వేళ ఉదయం తొమ్మిదిలోపు, ధాన్యం ఇంకా పరచకముందు. సాయంత్రం కొనుగోలు కేంద్రాల వైపు ట్రాక్టర్ ట్రాలీలు వరుసగా పోతాయి, చాలావాటికి వెనక దీపాలుండవు. మీ సైకిల్ వెనక ఎర్ర దీపం లేకపోతే పగలే తిరిగి రండి.

తిండి, నీళ్ళు?
*ఒక పాఠకుడు, పాతపట్నం*

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, గంటకు అర లీటరుకు తగ్గకుండా తాగాలి. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్ళకే కలపాలి, అర లీటరులో కలిపితే దాహం పెరుగుతుంది. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా. పొలం కాలువ నీళ్ళు కాచినా తాగకండి, మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఎరువులు, మందులు పోవు. దారికి చోడి అంబలి, ఉడికించిన చిలగడదుంపలు, బెల్లం, వేరుశనగలు మంచివి. సంత ఉన్న ఊళ్ళో ఘుగుని (బఠాణీల కూర), మరమరాలు దొరుకుతాయి. కడుపునిండా అన్నం తిని వెంటనే ఎక్కకండి.

పాముల భయం, మలేరియా భయం రెండూ ఉన్నాయి. నిజంగా అంత ప్రమాదమా?
*ఒక తల్లి, గుణుపురం*

రెండూ ఉన్నాయి, రెండింటికీ మార్గం ఉంది. కోతల్లో ఎలుకలు గట్లలోకి, కుప్పల్లోకి చేరతాయి, వాటి వెనక నాగుపాము, రక్తపింజర వస్తాయి. కుప్ప పక్కన కూర్చోకండి, గడ్డిలో చేయి పెట్టకండి, చీలమండ దాటే బూట్లు వేయండి. కాటు పడితే కట్టు బిగించకండి, కోయకండి, నోటితో లాగకండి. కాటు పడ్డ కాలు లేదా చేయి కదలకుండా కర్రకు కట్టి, ఉంగరాలు, కడియాలు తీసేసి, 108కి ఫోన్ చేయండి. సైకిల్ తొక్కుతూ ఆసుపత్రికి వెళ్ళడం వద్దే వద్దు, కదిలేకొద్దీ విషం ఒంట్లోకి పాకుతుంది. ఎక్కువ పాముకాట్లలో ఏ పాము అన్నది డాక్టరే గుర్తులతో తేల్చుకుంటారు, పామును పట్టుకెళ్ళనక్కర్లేదు.

గజపతి, రాయగడ, కోరాపుట్ కొండ ప్రాంతాల్లో ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా ఉంది. ఆ దోమ కుట్టేది పొద్దుగుంకిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా. కాబట్టి పగలు వెళ్ళి పగలే వస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. తిరిగొచ్చిన వారం తర్వాత నుంచి నెలలోపు చలిజ్వరం వస్తే, మామూలు జ్వరమని మాత్రలు మింగకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి, ఎక్కడికి వెళ్ళారో డాక్టరుకు చెప్పండి. కాళ్ళకు పుండ్లుంటే బురదలో దిగవద్దు.

ఒడియా రాదు. దారి అడిగితే అర్థమవుతుందా?
*ఒక పాఠకుడు, శ్రీకాకుళం*

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం బజార్లలో తెలుగు చక్కగా నడుస్తుంది. కొండవాలు సవర గూడేల్లో సవర, ఒడియా. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది ఈ కొండల మనుషుల దగ్గరే. అడిగే పద్ధతి ఒకటి: 'ఇది కాశీనగరం దారేనా?' అంటే మర్యాదకు అవునంటారు. 'ఈ దారి ఏ ఊరు పోతుంది?' అని అడగండి.

మాది జయపురం. మా వైపు వరిచేలు చూడాలంటే పర్లాకిమిడి దాకా రావాలా?
*ఒక విశ్రాంత ఉద్యోగి, జయపురం*

ఎందుకండీ, మీ ఊరే వరికి పుట్టిల్లులాంటిది! ఆసియా వరి రకరకాలుగా విడిన తావుల్లో జయపురం ప్రాంతం ఒకటని శాస్త్రవేత్తలు ఎంచుతారు. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ సేద్య విధానాల్లో చేర్చింది. కోరాపుట్ కాలాజీర బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు చూడవలసింది జోలా పొలాలు. కొండల నడుమ సన్నటి వాగు పారే పల్లంలోనే మెట్లు మెట్లుగా మళ్ళు కట్టి, పై మడి నీరు కింది మడికి దిగేలా చేస్తారు. పై గట్టు ఒక్కటి తెగితే వరసగా కిందివన్నీ దెబ్బతింటాయి, కాబట్టి అక్కడ గట్ల సంగతిలో మరింత జాగ్రత్త. ఒడ్డున నిలబడి చూడండి.

బొరిగుమ్మ వైపు మైదానం సులువు, హైవే మీద లారీలుంటాయి గనుక ఊరి రోడ్లే పట్టండి. కోరాపుట్ వైపు ఘాట్ తిరిగి దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ములు వేడెక్కి ట్యూబు పేలవచ్చు. రెండు బ్రేకులూ కలిపి నొక్కి వదులుతూ, మధ్య మధ్య ఆగి రిమ్ము చల్లారనివ్వండి. తడి రిమ్ము మీద మొదటి నొక్కుకు బ్రేకు పట్టదు, మలుపుకు చాలా ముందే తేలిగ్గా నొక్కి నీరు తుడిచేసుకోవాలి.

అలసిపోతే గుణుపురం నుంచి రైల్లో సైకిల్ వేసుకుని రావచ్చా?
*అదే బ్యాంకు ఉద్యోగి, రాయగడ*

సైకిల్‌ను పెట్టెలోకి ఎక్కించడం కుదరదు, లగేజీగా బుక్ చేసి బ్రేక్‌వ్యాన్‌లో వేయాలి. రోజుకు తిరిగే రైళ్ళు కొద్ది, చిన్న స్టేషన్లలో బండి ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. కాబట్టి గుణుపురం, పర్లాకిమిడి లాంటి పెద్ద స్టేషన్ల నుంచే ప్రయత్నించండి. ముందురోజే లగేజీ బుకింగు ఉందో లేదో కనుక్కుని, బండి వేళకు గంట ముందు చేరి, సైకిల్‌కు పేరు, ఊరు రాసిన అట్ట కట్టండి. నడుమ దారిలో అలసిపోతే రైలు కంటే గూడ్స్ ఆటో నయం. సైకిళ్ళను వెనక నిలబెట్టి, పెడళ్ళ మధ్య గోనెసంచులు పెట్టి, తాడుతో ఫ్రేముకు కట్టాలి, పుల్లలకు కాదు.